తాలూకాలు పోయాయి, కోడ్లు మిగిలాయి
మన ఊళ్లకు టెలిఫోన్ నంబర్లు ఎలా వచ్చాయి? మాటకు సుంకం ఎవరు కట్టారు?

టెలిఫోన్ కోడు అంటే పట్నపోళ్ల వ్యవహారం, దానితో కూలీనాలీ చేసుకునే వాళ్లకేం పని అని కొందరు అనుకుంటారు. అది సరికాదు. కాలువ నీళ్లు ముందు ఎవరి పొలానికి పారతాయో, ఊరి పటం ఎవరి చేతిలో వుంటుందో తెలుసుకోవడం మనకెంత అవసరమో, మన మాట ఏ దారిన పోతుందో, ఆ దారి పొడుగునా సుంకం ఎవరు కట్టారో తెలుసుకోవడం కూడా అంతే అవసరం. సర్కారు ప్రతి ప్రాంతానికీ ఒక నంబరు పెట్టింది. ఆ నంబరు వేసిన తీరులో ఆ ప్రాంతానికి ఇచ్చిన విలువ కూడా కనబడుతుంది. దాన్ని ఎలా చదవాలో చూద్దాం.

ట్రంక్ కాల్ రోజులు

మొదట్లో కోడ్లు లేవు. వేరే ఊరికి మాట్లాడాలంటే ట్రంక్ కాల్ బుక్ చేయాలి. ఎక్స్ఛేంజిలో ఆపరేటరు ఒక తీగను తీసి ఇంకొక రంధ్రంలో గుచ్చి లైను కలిపేవాడు. మామూలు కాల్ అయితే గంటల తరబడి ఎదురుచూపు. అర్జెంటు అంటే రెట్టింపు ఛార్జీ. లైట్నింగ్ కాల్ అంటే ఇంకా ఎన్నో రెట్లు. డబ్బున్నవాడి మాట ముందు, లేనివాడి మాట వెనక. వరుసలో నిలబడినా న్యాయం లేదన్నమాట.

1960 నవంబరు 26న లక్నో, కాన్పూరుల మధ్య ఆపరేటరు లేకుండా నేరుగా నంబరు తిప్పి మాట్లాడే పద్ధతి మన దేశంలో మొదలైంది. దీన్నే ఎస్టీడీ అన్నారు. మనిషి చేసే పనిని యంత్రం చేయాలంటే ఏ ఊరు ఎక్కడుందో యంత్రానికి తెలియాలి. యంత్రానికి ఊళ్ల పేర్లు రావు, అంకెలే వస్తాయి. అందుకని దేశం మొత్తాన్ని ముక్కలు చేసి ముక్కకొక అంకె చొప్పున పంచారు. ఎస్టీడీ కోడు పుట్టింది అలాగే.

సున్నా, ఎనిమిది, ఆ తర్వాత

ముందుండే సున్నా ఏ ఊరిదీ కాదు. "ఈ కాల్ మన ఎక్స్ఛేంజి దాటి పోతుంది" అని యంత్రానికి చెప్పే గుర్తు మాత్రమే. అసలు కోడు ఆ తర్వాత మొదలవుతుంది. ఢిల్లీకి 11, బొంబాయికి 22, కలకత్తాకు 33, మద్రాసుకు 44. ఈ నాలుగు మహానగరాలకూ గుర్తుండిపోయే జంట అంకెలు దక్కాయి. మన రాష్ట్రానికీ, పక్కనున్న కర్ణాటకకూ కలిపి 8 దక్కింది.

రెండు రాష్ట్రాలు ఒకే అంకెను పంచుకున్నాయి కాబట్టి, సరిహద్దు దగ్గర నంబర్లు కూడా ఇరుగుపొరుగుల్లాగే వుంటాయి. గుల్బర్గాది 08472, బీదరుది 08482, రాయచూరుది 08532. ఆ పక్కనే మహబూబ్‌నగరుది 08542, అనంతపురానిది 08554. తుంగభద్రకు ఇవతలా అవతలా ఒకే తీరు నేల, ఒకే తీరు కరువు. నంబరు కూడా ఒక్క అంకె తేడాతో సాగింది. మరో సంగతి: యానాం పుదుచ్చేరి పాలనలో వున్నా దానికి కాకినాడ కోడే 0884. పాలన ఎవరిదైనా తీగ దగ్గర దారినే చూసుకుంటుంది.

పటం గీసింది తాలూకాను చూసి

ఈ ముక్కలను దేని ఆధారంగా కోశారు? దాదాపుగా తాలూకా ఆధారంగా. ఒక తాలూకాను, లేదా దాదాపు అంత ప్రాంతాన్ని ఒక యూనిట్‌గా తీసుకొని దానికొక కోడు ఇచ్చారు. దేశం మొత్తం మీద ఇలాంటి యూనిట్లు 2,600 పైచిలుకు. యూనిట్ లోపల మాట్లాడితే లోకల్ కాల్, బయటికి పోతే ఎస్టీడీ.

మన రాష్ట్రంలో 1985లో తాలూకాలను తీసేసి 1,100కు పైగా మండలాలు పెట్టారు. తాలూకా కచేరీ బోర్డు తీసేశారు, తహసీల్దారు పోయి మండల రెవెన్యూ అధికారి వచ్చాడు. టెలిఫోను శాఖ మాత్రం తన పటాన్ని మార్చలేదు. తాలూకా పేరు తెలియని ఈనాటి పిల్లల ఊళ్లు కూడా కోడులో మాత్రం పాత తాలూకాలోనే వున్నాయి. 2014 జూన్ 2న రాష్ట్రం రెండయింది, కోడ్లు మారలేదు. 2016 అక్టోబరులో తెలంగాణలో 10 జిల్లాలు 31 అయ్యాయి. 2022 ఏప్రిల్లో ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. అప్పుడూ మారలేదు. పాత తాలూకా సరిహద్దులు ఎక్కడున్నాయో ఈ రోజు తెలుసుకోవాలంటే రెవెన్యూ ఆఫీసుకు పోనక్కరలేదు, పాత టెలిఫోను డైరెక్టరీ చాలు!

ఈ పద్ధతిలో ఒక చిక్కుంది. 855 అని మూడంకెలు జిల్లాకిచ్చి, నాలుగో అంకెతో తాలూకాను గుర్తించాలి. నాలుగో అంకెలో సున్నా నుంచి తొమ్మిది దాకా పదే చోట్లు. పదికి మించి ముక్కలున్న జిల్లా ఏం చేయాలి? మరో మూడంకెల వరుస అడగాలి. అనంతపురం జిల్లాలో అదే జరిగింది. అనంతపురం 08554, హిందూపురం 08556, తాడిపత్రి 08558, ధర్మవరం 08559 ఒక వరుసలో వున్నాయి. కదిరి 08494, రాయదుర్గం 08495, ఉరవకొండ 08496, కళ్యాణదుర్గం 08497 మరో వరుసలో పడ్డాయి. మహబూబ్‌నగరులోనూ ఇదే కథ. నాగర్‌కర్నూలు 08540, అచ్చంపేట 08541, వనపర్తి 08545, గద్వాల 08546, షాద్‌నగరు 08548, కల్వకుర్తి 08549 ఒక వరుస కాగా, నారాయణపేట 08506 ఇంకో వరుస. విస్తీర్ణంలో పెద్దవి, వానలో చిన్నవి ఈ రెండు జిల్లాలు. దేశం మీదికి వలసకూలీలను పంపినవీ ఇవే. ఒక వరుస నంబర్లలో ఇమడనంత పెద్ద జిల్లాలు, తమ బిడ్డలకు మాత్రం ఏడాది పొడుగునా కూడు పెట్టలేకపోయాయి.

పొట్టి కోడు, పొడుగు కోడు

మన కోడ్లన్నీ ఒకే పొడవు కాదు. సున్నాతో కలిపి కొన్నిటికి నాలుగంకెలు, కొన్నిటికి అయిదు. ఇదేదో లెక్కలేని పని కాదు, దీని వెనక ఒక లెక్క వుంది. కోడు అంకెలూ, ఇంటి నంబరు అంకెలూ కలిపి మొత్తం పొడవు ఒక హద్దు దాటకూడదు. ఎక్కువ ఫోన్లున్న చోట ఇంటి నంబరు పొడుగవుతుంది, అప్పుడు కోడు పొట్టిది కావాలి. ఫోన్లు తక్కువున్న చోట ఇంటి నంబరు పొట్టిది, కోడు పొడుగు.

కాబట్టి పొట్టి కోడు వుందంటే అక్కడ ఫోన్లు ఎక్కువని అర్థం. ఫోన్లు ఎక్కువంటే వ్యాపారం ఎక్కువని అర్థం. చూడండి: విశాఖపట్నం 0891, విజయవాడ 0866, గుంటూరు 0863, నెల్లూరు 0861, రాజమండ్రి 0883, కాకినాడ 0884, తిరుపతి 0877. ఇక పొడుగువి: శ్రీకాకుళం 08942, విజయనగరం 08922, ఒంగోలు 08592, కడప 08562, కర్నూలు 08518, నల్లగొండ 08682, ఖమ్మం 08742, నిజామాబాదు 08462, ఆదిలాబాదు 08732.

ఇందులో గమనించాల్సిన మాట ఒకటుంది. కలెక్టరు కూర్చునే ఊరుకు పొట్టి కోడు రావాలని ఏమీ లేదు. కృష్ణా జిల్లా కలెక్టరు ఆఫీసు మచిలీపట్నంలో, దాని కోడు 08672. పొట్టి కోడు మాత్రం వర్తకం జరిగే విజయవాడకు దక్కింది. చిత్తూరు జిల్లా కేంద్రానిది 08572, యాత్రికులొచ్చే తిరుపతిది 0877. రాయలసీమ నాలుగు పాత జిల్లాల కేంద్రాలు అనంతపురం, కర్నూలు, కడప, చిత్తూరు నాలుగూ పొడుగు కోడులోనే వుండిపోయాయి. కోడు అధికారం వెంట పోలేదు, డబ్బు వెంట పోయింది.

ఊరు పెరిగితే కోడు కురుచవుతుంది. కరీంనగరుది ఒకప్పుడు 08722, తర్వాత 0878 అయింది. వరంగల్లుది 08712, తర్వాత 0870 అయింది. కోడులో ఒక అంకె తగ్గి ఇంటి నంబరులో ఒక అంకె పెరిగిందన్నమాట. కరీంనగరు పెరగడంలో గల్ఫు ఎడారుల్లో కాయకష్టం చేసినవాళ్లు పంపిన డబ్బుకు, వాళ్ల కోసం ఎదురుచూస్తూ ఇళ్లలో ఫోన్లు పెట్టించుకున్న కుటుంబాలకు కూడా భాగం వుంది. ఆ సంగతి ఏ డైరెక్టరీలోనూ రాయలేదు.

హైదరాబాదు ఎనిమిదిని వదిలింది

హైదరాబాదుకు మొదట 0842. మూడంకెల కోడు, ఆరంకెల ఇంటి నంబరు, మొత్తం తొమ్మిది. నగరం ఆరంకెల్లో ఇమడలేదు. ఏడంకెలు కావాలంటే కోడు రెండంకెలకు దిగాలి. ఎనిమిదితో మొదలయ్యే రెండంకెల కోడు అప్పటికే బెంగుళూరుకు పోయింది, 080 వాళ్లది. మిగిలిన 81, 82 లాంటివి ఒక్క నగరానికి ఇచ్చేస్తే వాటి కింద రాగల తాలూకాల నంబర్లన్నీ పోతాయి. తొంభైలలో హైదరాబాదు 040 అయి మద్రాసు 044 వున్న నాలుగో వరుసలోకి వెళ్లింది. రాష్ట్రమంతా ఎనిమిదిలో వుంటే రాజధాని ఒక్కటి నాలుగులోకి పోయింది. నగరం చుట్టూ మేడ్చల్ 08418, చేవెళ్ల 08417, ఇబ్రహీంపట్నం 08414 పొడుగు కోడులోనే నిలిచాయి.

2002-03 ప్రాంతంలో దేశమంతటా ఇంటి నంబర్ల ముందు 2 చేర్చారు. దాంతో కోడు, నంబరు కలిపి పది అంకెలయ్యాయి. హైదరాబాదులో రెండూ ఎనిమిదీ, విజయవాడలో మూడూ ఏడూ, గద్వాలలో నాలుగూ ఆరూ. ఎటు కూడినా పది. సెల్ ఫోను నంబరు కూడా పదే కాబట్టి లెక్క సరిపోయింది.

దూరానికి ధర

ఇంతవరకూ అంకెల కథ. ఇక డబ్బు సంగతి. ఎస్టీడీ ఛార్జీ దూరాన్ని బట్టి వుండేది. రోడ్డు దూరం కాదు, కోడు కేంద్రం నుంచి కోడు కేంద్రానికి సరళరేఖలో కొలిచిన దూరం. దూరం పెరిగేకొద్దీ మీటరు వేగంగా తిరిగేది. పగలు పూర్తి ధర, సాయంత్రం తర్వాత తగ్గింపు, బాగా పొద్దుపోయాక పావు ధర.

ఈ పద్ధతిలో ఎక్కువ కట్టిందెవరు? పట్టెడు దూరంలో పని దొరికినవాడు కాదు. ఇల్లు వదిలి దూరం పోయినవాడు. పాలమూరు లేబరు బొంబాయిలో, పూణేలో మట్టి పనికి పోయారు. సిరిసిల్ల 08723 నుంచి మగ్గం పనివాళ్లు భివండికి పోయారు. కరువు ఎంత దూరం తరిమితే మాటకు అంత ధర. పనిచ్చిన మేస్త్రీ అడ్వాన్సులో కోత, పోస్టు మనియార్డరులో కోత, చివరికి పిల్లవాడికి జ్వరం తగ్గిందా అని అడగడానికీ కోత.

అందుకే పసుపు రంగు ఎస్టీడీ బూతుల ముందు రాత్రి పొద్దుపోయాక బారులు కట్టిన జనం కనబడేవారు. వాళ్లలో తెల్లవారి నాలుగింటికి లేచి పనికి పోవాల్సినవాళ్లే ఎక్కువ. పావు ధర కోసం నిద్ర మానుకొని నిలబడేవారు. ఎర్ర అంకెలు పరుగెత్తుతుంటే వాటిని చూస్తూ మాట్లాడాలి. చెప్పాల్సింది ముందే మనసులో కూర్చుకొని, కుశలం అడగకుండానే పని మాట చెప్పి పెట్టేయడం అలవాటయింది.

అయినా ఒక మాట ఒప్పుకోవాలి. ఎనభైలలో, తొంభైలలో ఆ బూతులు ఒక మేలు చేశాయి. సొంత ఫోను లేనివాడు కూడా రూపాయి పెట్టి నలుగురితోపాటు సమానంగా మాట్లాడగలిగాడు. వికలాంగులకూ చదువుకొని ఖాళీగా వున్నవాళ్లకూ బూతులివ్వడం వల్ల కొన్ని కుటుంబాలు బతికాయి.

ఊరి ఫోను ఎవరింట్లో?

బూతు వచ్చింది రోడ్డు మీది ఊళ్లకు. లోపలి పల్లెల్లో ఏముంది? ఎనభైలలో సర్కారు పెట్టుకున్న లక్ష్యం ప్రతి ఊరికీ ఫోను కాదు, ఏ ఊరి నుంచైనా 5 కిలోమీటర్ల లోపల ఒక పబ్లిక్ ఫోను. ప్రసవమైనా పాముకాటైనా అయిదు కిలోమీటర్లు నడిచి పోయి ఫోను చేయాలన్నమాట!

1984లో పెట్టిన సి-డాట్ సంస్థ మన వాతావరణానికి, మన దుమ్ముకు, మన కరెంటు కోతలకు తట్టుకునే చిన్న ఎక్స్ఛేంజిని మన ఇంజనీర్లతోనే తయారు చేయించింది. 128 లైన్ల ఆ ఎక్స్ఛేంజి చాలా పల్లెలకు మొదటిసారి ఆపరేటరు లేని ఫోనును తెచ్చింది. ప్రభుత్వ రంగం చేయగలిగిన పనికి ఇదొక మంచి ఉదాహరణ.

కానీ ఊళ్లో మొదటి లైను ఎవరింటికి పోయింది? పెత్తందారు ఇంటికి, లేదా ఆయన చెప్పిన ఇంటికి. పబ్లిక్ ఫోను అని పేరు, పెట్టింది మాత్రం అరుగు మీద కాదు, లోపలి వసారాలో. కూలిరేట్ల కోసం పని మానిన రోజున ఆ ఫోను కూలీకి దొరుకుతుందా? సంఘం వాళ్లకు కబురు చెయ్యాలంటే ఆ వసారాలో నిలబడి, ఆయన వింటుండగా చెప్పాలి. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని ఊరికే అనలేదు. తీగ ఊళ్లోకి రావడం వేరు, అది కూలీల వాడకు రావడం వేరు.

1994 టెలికాం విధానం 1997కల్లా ప్రతి గ్రామానికీ ఫోనన్నది. జరగలేదు. 1999 విధానం ఆ గడువును 2002కు జరిపింది. అదీ దాటిపోయింది. భారత్ నిర్మాణ్ మొదలయ్యేనాటికి దేశంలో ఇంకా 66,822 గ్రామాలకు ఫోను పెట్టాలని లెక్క తేలింది, గడువు 2007 నవంబరు. ఈ మధ్యలోనే ప్రైవేటు కంపెనీలకు తలుపులు తెరిచారు. లైసెన్సు తీసుకునేటప్పుడు పల్లెల్లో ఫోన్లు పెడతామని ఒప్పుకున్నారు. పట్నాల్లో లాభం వచ్చే లైన్లు వేశారు, పల్లెల్లో ఒప్పుకున్నదాంట్లో పెట్టింది చాలా తక్కువ. ప్రతిచోటా తీగ లాగిన పాత ప్రభుత్వ శాఖే 2000 అక్టోబరు 1న బిఎస్ఎన్ఎల్ అయింది. నష్టమొచ్చే ఊళ్ల బరువంతా దాని నెత్తినే మిగిలింది.

దూరం చచ్చింది, బాధ చావలేదు

2006 మార్చి 1 నుంచి బిఎస్ఎన్ఎల్ దేశంలో ఏ మూలకైనా నిమిషానికి రూపాయి పద్ధతి తెచ్చింది. కోడుకూ ధరకూ వున్న ముడి తెగింది. 1995లో నిమిషానికి 16 రూపాయల దాకా వున్న సెల్ ఛార్జీలు పడిపోయాయి. 2003 మే నుంచి వచ్చే కాల్‌కు డబ్బు కట్టే పని తప్పింది. సెల్ ఫోను కూలీ జేబులోకి వచ్చింది. ఇది చిన్న మార్పు కాదు. పెత్తందారు వసారాకు పోకుండా, ఎవరూ వినకుండా, కూలీ తన మాట తాను చెప్పుకోగలుగుతున్నాడు.

దీనికి మరో వైపు కూడా వుంది. బూతులు మూతపడ్డాయి. పల్లె ఎక్స్ఛేంజిల్లో లైన్లు ఎండిపోయాయి. 2020 జనవరి ఆఖరున ఒక్కరోజే సుమారు 78 వేల మంది బిఎస్ఎన్ఎల్ ఉద్యోగులు స్వచ్ఛంద విరమణ పేరిట ఇళ్లకు పోయారు. తీగ తెగితే కట్టే మనిషి లేకుండా పోయాడు. పబ్లిక్ ఫోను అనే మాటే ఊళ్లో నుంచి మాయమైంది. ఇప్పుడు మాట్లాడే హక్కు రీచార్జి చేయించగలిగినవాడికి.

2023 జనవరి 1 నుంచి ఉపాధి హామీ పనుల్లో హాజరు సెల్ ఫోను యాప్ ద్వారానే వేయాలన్నారు. సిగ్నలు లేని గుట్టల్లో, చెరువు కట్టల కింద మట్టి తవ్వినవాళ్ల ఫొటో ఎక్కకపోతే ఆ రోజు కూలి గల్లంతు. దీని మీద 2023లో కూలీలు ఢిల్లీ దాకా పోయి నెలల తరబడి ధర్నా చేశారు. ఒకప్పుడు ఫోను లేక కబురు అందలేదు, తర్వాత సిగ్నలు లేక కూలి అందలేదు.

పల్లెలకు సౌకర్యం కలిగించడానికని 2002 నుంచి టెలికాం కంపెనీల ఆదాయంలో 5 శాతం వసూలు చేసి ఒక నిధి పెట్టారు. 2023 టెలికాం చట్టం దాని పేరును డిజిటల్ భారత్ నిధిగా మార్చింది. పేరు మారింది బాగానే వుంది. ఏళ్ల తరబడి వసూలైన దానికీ ఖర్చయిన దానికీ మాత్రం పొంతన లేకపోయింది.

పాత గీతలు చెరిగే వేళ

2025 ఫిబ్రవరిలో ట్రాయ్ ఒక సిఫారసు చేసింది. తాలూకా లాంటి చిన్న ముక్కల లెక్క వదిలి, పెద్ద సర్వీసు ప్రాంతాన్నే యూనిట్‌గా తీసుకోవాలి, ల్యాండ్‌లైన్ నుంచి ల్యాండ్‌లైన్‌కు ఎప్పుడు చేసినా సున్నా, కోడు, నంబరు మొత్తం తిప్పాలి అన్నది దాని సారాంశం. వాడకుండా పడివున్న అంకెలను బయటికి తీయడానికట. ఇంటి నంబరు మారదంటున్నారు. కానీ లోకల్‌కూ బయటికీ మధ్య గీతగా నిలిచిన పాత తాలూకా హద్దు, ఇది అమలైతే, చెరిగిపోతుంది.

ఆ గీత చెరిగినందుకు కన్నీళ్లు పెట్టుకోవాల్సిన పని లేదు. ఆ గీత దాటిన ప్రతిసారీ డబ్బు కట్టింది మనమే. అయితే దాన్ని చెరిపేవాళ్లను మనం కొన్ని అడగాలి. దండిగా పడివున్న అంకెలను వెతికి తీస్తున్నారు సరే, సిగ్నలు లేని తండాలను, గూడేలను కూడా అంత శ్రద్ధగా వెతుకుతున్నారా? పల్లెల పేరు చెప్పి వసూలు చేసిన నిధిలో ఏ మండలానికి ఎంత ఖర్చయిందో గ్రామసభలో చదివి వినిపించాలి. రీచార్జి లేనివాడు కూడా అంబులెన్సుకు, పోలీసుకు, కూలి ఫిర్యాదుకు వాడుకోవడానికి పంచాయతీ ఆఫీసు బయట, అందరికీ అందేచోట, డబ్బు కట్టనక్కరలేని ఒక ఫోను వుండాలి. సిగ్నలు అందలేదన్న సాకుతో ఏ పనిలోనూ ఒక్క రోజు కూలి కూడా కోయకూడదు. ఇవి పెద్ద కోరికలేమీ కావు. ఎనభైలలో అయిదు కిలోమీటర్లకొక ఫోను అన్న సర్కారు, ఇన్ని దశాబ్దాల తర్వాత వాడకొక ఫోను అనడానికి వెనకాడకూడదు.

మన మండలంలో సిగ్నలు అందని వాడలు, తండాలు ఏవేవో కార్యకర్తలు ఈ వారమే ఒక కాగితం మీద రాయండి. ఊరి పేరు, ఇళ్ల లెక్క, దగ్గరి టవరు ఎంత దూరమో రాస్తే చాలు. ఆ జాబితా చేతిలో వుంటేనే వచ్చే గ్రామసభలో అడిగే మాటకు బలముంటుంది.